మీ బస్సు మోడ్‌లో తేడా ఎక్కడుందో ఆడేవాళ్లతో చెప్పించుకోవడం ఎలా?

యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అనే పీసీ డ్రైవింగ్ గేమ్ కోసం బెంగళూరు–విజయవాడ స్లీపర్ బస్సు మోడ్ (గేమ్‌లో అదనంగా వేసుకునే ఫైలు) చేశారనుకుందాం. మీ పీసీలో చక్కగా నడుస్తోంది. గ్రూపులో పెట్టగానే ఒకరు "సూపర్ అన్నా" అంటారు, ఇంకొకరు "ఓపెన్ కావట్లేదన్నా" అంటారు. ఈ రెండు మాటలతో మీరు బాగుచేయగలిగేది ఏమీ ఉండదు. కానీ మీ దగ్గర లేని మెషీన్లో, మీరెప్పుడూ వాడని మోడ్‌ల మధ్య మీ ఫైలు ఎలా నడుస్తోందో తెలిసేది వాళ్లకే. కౌంటర్-స్ట్రైక్ గేమ్ కూడా 1999లో హాఫ్-లైఫ్ అనే ఇంకో గేమ్‌కి మోడ్‌గానే మొదలైంది. బీటా (ట్రయల్ వెర్షన్) మీద బీటా వదిలి, ఆడేవాళ్లు చెప్పేది వింటూ, 2000 నవంబర్‌లో 1.0 దాకా వచ్చింది.

అందరికీ వదిలే ముందు నలుగురైదుగురికి ఇవ్వండి. బెంగళూరు మారతహళ్లిలో ఉంటే ఒక్క పీజీ చాలు. గ్రాఫిక్స్ కార్డు లేని 8 జీబీ ల్యాప్‌టాప్ ఒకరిది, ఎస్పీ రోడ్డులో పార్టులు కొని బిగించుకున్న పీసీ ఇంకొకరిది. ముప్పై మోడ్‌లు వేసుకుని ఆడేవాడు ఒకడైనా తప్పకుండా ఉండాలి, ఎందుకంటే గొడవలు ఎక్కువగా బయటపడేది అతని దగ్గరే. అందరినీ కొత్త ప్రొఫైల్‌లోనే టెస్ట్ చేయమనండి. పాత సేవ్ (దాచుకున్న ఆట) పాడైతే మళ్లీ మీ మోడ్ ముట్టుకోరు.

వీలైతే ఒకరి పక్కన కూర్చుని ఇరవై నిమిషాలు చూడండి. ఆ ఇరవై నిమిషాలూ నోరు మెదపకూడదు, ఇదే అన్నిటికంటే కష్టం. "అద్దాలు చిన్నగా ఉన్నాయి, పెద్దవి చేయన్నా" అని అడుగుతాడు. పక్కనుంచి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది: లేన్ మారిన ప్రతిసారీ అతను వ్యూ పక్కకి తిప్పుతున్నాడు, ఎఫ్4 నొక్కి సీటు వెనక్కి జరుపుకుంటున్నాడు. అద్దం సైజు సరిగానే ఉంది. ఇంటీరియర్ ఫైలులో డ్రైవర్ కెమెరాని మీరు మరీ ముందుకి పెట్టారు. అడిగింది అడిగినట్టు చేసేస్తే అద్దాలు పెరుగుతాయి, ఇబ్బంది అలాగే ఉంటుంది. అందుకే ఏ కోరికకైనా ముందు అడగాల్సింది "అప్పుడు ఏం చేయబోతున్నావ్?" అని.

దూరంగా ఉన్నవాళ్లని నాలుగే విషయాలు అడగండి: గేమ్ వెర్షన్, మీ మోడ్ వెర్షన్, ఏం చేస్తుంటే ఆగిపోయింది, మోడ్ మేనేజర్ (వేసుకున్న మోడ్‌ల జాబితా) స్క్రీన్‌షాట్. ఆ జాబితాలో పైన ఉన్న మోడ్ కిందవాటి ఫైళ్లను కప్పేస్తుంది కాబట్టి వరుస కూడా కనిపించాలి. క్రాష్ అయితే వీటితో పాటు లాగ్ (గేమ్ నడుస్తూ ఏం జరిగిందో రాసుకునే ఫైలు) కావాలి. డాక్యుమెంట్స్‌లోని గేమ్ ఫోల్డర్‌లో గేమ్ లాగ్ టెక్స్ట్ ఫైలు ఉంటుంది. గేమ్ మళ్లీ తెరిస్తే పాత లాగ్ పోయి కొత్తది వస్తుంది, కాబట్టి క్రాష్ అయిన వెంటనే కాపీ చేసుకోమని ముందే చెప్పండి. అందులో విండోస్ యూజర్ పేరు కనబడుతుంది, గ్రూపులో పెట్టించకుండా విడిగా పంపించుకోండి. తెరిచాక ఎర్రర్ అని ఉన్న లైన్లలో మీ ఫైళ్ల పేర్లు వెతకండి. టెక్స్చర్ (బస్సు మీద అద్దే బొమ్మ ఫైలు) ఉన్న ఫోల్డర్ దారి తప్పుగా రాసి ఉంటే అక్కడే దొరుకుతుంది.

లాగ్‌లో తేలకపోతే సగం మోడ్‌లు ఆపించి చూడండి. తప్పు ఏ సగంలో ఉందో దాన్ని మళ్లీ సగం చేయాలి. గొడవ పెట్టేది ఒక్కటే అయితే ముప్పై మోడ్‌లైనా ఐదు విడతల్లో దొరుకుతుంది.

వచ్చినవాటిలో క్రాష్‌లు, సేవ్ పాడయ్యేవి అదే రోజు చూడండి. తరవాత వేరే మోడ్‌లతో పడనివి. రంగు, హారన్, సీటు కవర్లు చివర్న. అవి ఇష్టానికి సంబంధించినవి, ముగ్గురు నలుగురు విడివిడిగా అదే మాటంటేనే మార్చండి.

సరిచేసిన ఫైలుకి వెర్షన్ నంబరు పెంచి, ఏం మార్చారో ఒక్క లైను రాసి, ముందుగా తప్పు చెప్పినవాడికే పంపండి. ఒక విడతలో ఒకే తప్పు సరిచేయండి. రెండు కలిపితే కొత్త తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. అతను సరే అనేదాకా పాత ఫైలు తీసేయకండి.