ప్యాక్‌రాఫ్ట్‌కి గాలి రెండు విడతలుగా
రుషికొండలో ప్యాక్‌రాఫ్ట్ (మడిచి సంచిలో మోసుకెళ్ళగల, గాలి ఊదే చిన్న పడవ) సాధన చేసి, స్నేహితులతో అమెరికాలో యూటా ఎడారిలోని ఎస్కలాంటే లోయకు వెళ్ళేవాళ్ళకు ఒక మాట. మన సముద్రపు నీళ్ళు వెచ్చన, అందుకే నీళ్ళలో దించాక పడవ మెత్తబడడం ఇక్కడ పెద్దగా తెలియదు. అక్కడ వసంతంలో వచ్చేది కొండల మీది మంచు కరిగిన నీరు. ఎండలో బిగుతుగా ఊదిన పడవ అందులో దించగానే లోపలి గాలి కుంచించుకుని మెత్తబడుతుంది. చిల్లు పడిందని కంగారు పడొద్దు. రెండు మూడు నిమిషాలు నీళ్ళలో ఉంచి, నోటితో మళ్ళీ ఊదండి. బొటనవేలితో గట్టిగా నొక్కితే కొద్దిగానే లొంగాలి.

భోజనానికి బండల మీదకు లాగేటప్పుడు మాత్రం ముందే కాస్త గాలి వదిలి, నీడలో పెట్టండి. లేదంటే ఎండకు గాలి వ్యాకోచించి అతుకులు విడిపోవచ్చు. చిన్న చిల్లుకు టేపు చాలు, విడిన అతుకును ఒడ్డున కూర్చుని బాగుచేయడం చాలా కష్టం.

రుషికొండలో వాడాక మంచినీళ్ళతో కడగండి, ముఖ్యంగా పడవకు జిప్పు ఉంటే దాని పళ్ళ మధ్య ఇసుక పోయేలా.