గాల్లో విమానాలు దగ్గరగా వచ్చాయన్న వార్త చూస్తే ముందు ఏం చూడాలి

రేణిగుంటలో పిల్లను హైదరాబాద్ విమానం ఎక్కించి ఇంకా ఇల్లు చేరకముందే ఫోన్లో "ఆకాశంలో తృటిలో తప్పిన ఘోర ప్రమాదం" అని కనిపిస్తే గుండె దడదడలాడుతుంది. అది సహజం, ఎవరినీ తప్పు పట్టను. కానీ హెడ్డింగ్ చూసి భయపడటానికీ, వార్త లోపల ఏముందో చూసి అర్థం చేసుకోవడానికీ చాలా తేడా ఉంది. మన ఫ్యామిలీ గ్రూపుల్లో ఇలాంటివి తెగ తిరుగుతున్నాయి కాబట్టి రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు తేదీ, ఫ్లైట్ నంబర్, ఎక్కడ జరిగింది అనే మూడూ వెతకండి. ఇవి లేని ఫార్వర్డ్ అయితే చదవడం అక్కడే ఆపేయొచ్చు, పాత సంఘటనలే మళ్ళీ మళ్ళీ చుట్టూ తిరుగుతుంటాయి. మనవాళ్ళ ఫ్లైట్ నంబర్ టికెట్ మీదే ఉంటుంది, అది వేరైతే ముందు ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ మాట చెప్పండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

అసలు విషయం దూరం. ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు, ఎందుకంటే దూరం ఒకటి కాదు, రెండు. ఎత్తులో తేడా ఎంత, అడ్డంగా తేడా ఎంత. పెద్ద విమానాలు తిరిగే ఎత్తుల్లో సాధారణంగా పైకీ కిందికీ వెయ్యి అడుగులైనా ఉండాలి, లేదంటే రాడార్ మీద అడ్డంగా 5 నాటికల్ మైళ్ళు, అంటే 9 కిలోమీటర్ల పైమాటే ఉండాలి, ఎయిర్‌పోర్టుల దగ్గర కొన్నిచోట్ల 3 నాటికల్ మైళ్ళకు కూడా అనుమతిస్తారు. ఈ రెండిట్లో ఒకటి ఉంటే చాలు. ఒక విమానం సరిగ్గా ఇంకోదాని నెత్తిన వెయ్యి అడుగుల పైన పోతుంటే అది రోజూ జరిగేదే. రెండూ ఒకేసారి తగ్గిపోయాయంటేనే సమస్య. 2018 జులైలో బెంగళూరు పరిధిలో కోయంబత్తూరు నుంచి హైదరాబాద్ వస్తున్న విమానం, బెంగళూరు నుంచి కొచ్చి పోతున్న విమానం దగ్గరగా వచ్చినప్పుడు హెడ్డింగుల నిండా "200 అడుగులు" అనే ఉంది. అది నిజంగా సీరియస్ సంఘటనే, గుద్దుకునే ముప్పును ముందే చెప్పే టీక్యాస్ అనే యంత్రం నుంచి హెచ్చరికలు కూడా వచ్చాయి. అయినా 200 అనేది ఎత్తులో తేడా మాత్రమే, అడ్డంగా ఎంత అని కూడా అడిగితేనే పూర్తి సంగతి తెలుస్తుంది.

తర్వాత చూడాల్సింది ఆ టీక్యాస్ ఏమందని. ఇది విమానంలోనే ఉండే యంత్రం, నేల మీద నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్‌తో పని లేకుండా ఎదుటి విమానాన్ని తనే గమనిస్తుంది. మొదట "ట్రాఫిక్, ట్రాఫిక్" అంటుంది, అంటే చూసుకోండి అని మాత్రమే. ఇంకా దగ్గరైతే "క్లైంబ్, క్లైంబ్" అనో "డిసెండ్, డిసెండ్" అనో నేరుగా ఆజ్ఞ ఇస్తుంది, దాన్నే ఆర్ఏ అంటారు. రెండు విమానాల్లోని యంత్రాలు తమలో తాము మాట్లాడుకుని ఒకదాన్ని పైకి, ఇంకోదాన్ని కిందికి పంపుతాయి. ఎదురుపడటానికి అర నిమిషమో అంతకంటే తక్కువో ఉండగా వచ్చే హెచ్చరిక ఇది. వార్తలో ఆర్ఏ అని ఉంటే సీరియస్‌గా తీసుకోండి.

"పైలట్ కంట్రోలర్ మాట వినలేదు" అని వార్తలో ఉంటే మాత్రం తొందరపడి పైలట్‌ను తిట్టొద్దు. ఆర్ఏ వచ్చిందంటే కంట్రోలర్ వేరేలా చెప్పినా పైలట్ టీక్యాస్ చెప్పినట్టే చెయ్యాలి, రూల్ అదే. ఈ రూల్ ఇంత గట్టిగా నిలబడటం వెనక ప్రాణాలు పోయాయి. 2002 జులై 1 రాత్రి జర్మనీలోని ఊబర్‌లింగెన్ మీద ఒక ప్రయాణికుల విమానానికి టీక్యాస్ పైకెక్కమంది, కంట్రోలర్ దిగమన్నాడు, పైలట్లు దిగారు. దాని దారికి అడ్డంగా వస్తున్న కార్గో విమానం తన టీక్యాస్ మాట విని అదీ దిగింది. 71 మంది చనిపోయారు, వాళ్ళలో ఎక్కువ మంది బడి పిల్లలు. అంతకు ముందు మన దేశంలోనే, 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది పోయారు. 15 వేల అడుగుల దగ్గర ఆగాల్సిన విమానం ఇంకా కిందికి దిగడం వల్ల జరిగిన ఘోరం అది. ఆ తర్వాతే మన దగ్గర టీక్యాస్ తప్పనిసరి చేశారు. తృటిలో తప్పిందన్న ప్రతి వార్త వెనకా ఈ చరిత్ర ఉంది, అందుకే దాన్ని వినోదంలా పంచుకోవద్దని నా మాట.

ఇక మిద్దె మీద నుంచి తీసిన వీడియోలు. తిరుపతి మీదుగా చెన్నై, బెంగళూరు వైపు విమానాలు పోతూనే ఉంటాయి, తెల్లటి గీతలు ఒకదాన్నొకటి దాటుతుంటే గుద్దుకున్నట్టే కనిపిస్తాయి. 35 వేల అడుగుల ఎత్తులో వెయ్యి అడుగుల తేడాను నేల మీద నుంచి మన కన్ను పట్టలేదు. విమానాలు ఎక్కడున్నాయో చూపించే ఫ్లైట్‌రాడార్24 యాప్ తెరిచి రెండు విమానాల మీదా నొక్కి ఎత్తు చూడండి. పెద్ద ఎత్తుల్లో మామూలుగా తూర్పు వైపు పోయేవి 33 వేలు, 35 వేలు ఇలా బేసి అంకెల్లో, పడమటి వైపు పోయేవి 34, 36 వేలు ఇలా సరి అంకెల్లో ఉంటాయి, కాబట్టి ఎదురెదురుగా వస్తున్నవాటికి వెయ్యి అడుగుల తేడా కనిపిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే. మ్యాప్ మీద బొమ్మలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు కనిపిస్తే కంగారు వద్దు, ఆ బొమ్మ అసలు విమానం కంటే ఎన్నో రెట్లు పెద్దది, బాగా జూమ్ చేసి చూడండి.

దిగబోతూ మళ్ళీ పైకి లేచిందంటే దాన్ని గో అరౌండ్ అంటారు. గాలి వల్ల, రన్‌వే ఖాళీ లేకపోవడం వల్ల, ఇలా చాలా కారణాలకు చేస్తారు. అది జాగ్రత్త కోసం చేసేదే, భయపడాల్సింది కాదు.

మీరే విమానంలో ఉంటే చెయ్యగలిగింది ఒకటే, కానీ అది చాలా పెద్దది. బెల్టు లైటు ఆరిపోయినా కూర్చున్నంతసేపూ బెల్టు పెట్టుకునే ఉండండి. 2001 జనవరి 31న జపాన్‌లో రెండు పెద్ద విమానాలు ఢీకొనబోయి చివరి క్షణంలో ఒకటి నిలువునా కిందికి దూకినట్టు దిగడంతో తప్పించుకున్నాయి. ఎవరూ చనిపోలేదు, కానీ దిగిన విమానంలో దాదాపు వంద మంది గాయపడ్డారు. మొదటిసారి ఎక్కే అమ్మకో, అవ్వకో బెల్టు పెట్టడం, తియ్యడం బయల్దేరే ముందే చూపించండి, అక్కడ సిగ్గుపడి ఎవరినీ అడగకుండా కూర్చుంటారు.

అసలు ఏం జరిగిందో తెలుసుకోవాలంటే టీవీ చర్చల కోసం కాదు, విమాన ప్రమాదాలను విచారించే ప్రభుత్వ సంస్థ ఏఏఐబీ రిపోర్టు కోసం చూడండి. సీరియస్ సంఘటనలను విచారించేది ఆ సంస్థే, రిపోర్టులు దాని వెబ్‌సైట్‌లో ఎవరైనా చదవొచ్చు. కొంచెం ఆలస్యంగా వస్తుంది, కానీ ఎత్తు ఎంత, అడ్డంగా దూరం ఎంత, ఏ హెచ్చరిక ఏ సెకనుకు వచ్చింది, ఎవరు ఏమన్నారు అన్నీ అందులోనే ఉంటాయి.