వైజాగ్ ఎండల్లో జర్మేనియం ఫజ్ పెడల్ మొరాయిస్తే

ఏసీ గదిలో బ్రహ్మాండంగా పలికిన ఫజ్ ఫేస్ తరహా పెడల్ (గిటార్ సౌండ్‌ని గరుకుగా మార్చే చిన్న పెట్టె), మే నెలలో బీచ్ రోడ్డు షోకి తీసుకెళ్లేసరికి నోట్ మధ్యలో తెగిపోతూ చచ్చుగా మోగుతోందా? కంగారుపడి వెనక్కి పంపేయకండి, పెడల్ పాడవకపోయి ఉండొచ్చు.

కారణం చాలాసార్లు వేడే. 1966లో లండన్‌లో ఆర్బిటర్ తెచ్చిన ఫజ్ ఫేస్‌కి ప్రాణం రెండు జర్మేనియం ట్రాన్సిస్టర్లు (సిగ్నల్‌ని పెంచే భాగాలు), ఇప్పుడు మళ్లీ తయారుచేసే రీఇష్యూల్లో కొన్నింటికీ అంతే. జర్మేనియంలో లీకేజీ కరెంటు (అనవసరంగా కారే కరెంటు) ఎప్పుడూ ఎంతోకొంత ఉంటుంది, వేడెక్కేకొద్దీ అది గబగబా పెరిగి బయస్‌ని, అంటే ట్రాన్సిస్టర్ సరిగ్గా పనిచేసే వోల్టేజ్ అమరికని, పక్కకి లాగేస్తుంది.

వెనక మూత తీసి, 9 వోల్టుల బ్యాటరీ పెట్టి, ఇన్‌పుట్‌లో కేబుల్ గుచ్చండి (గుచ్చకపోతే చాలా పెడల్స్‌లో కరెంటు రాదు). మల్టీమీటర్ నల్ల ప్రోబ్ గ్రౌండ్‌కి, ఎర్రది రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కి (దాని మూడు కాళ్లలో ఒకటి) ఆనించండి. 4.5 వోల్టుల దగ్గర ఉండాలి. ట్రాన్సిస్టర్ పీఎన్‌పీ రకమైతే మైనస్ చూపిస్తుంది, అది మామూలే. ట్రాన్సిస్టర్‌ని మాత్రం వేళ్లతో పట్టుకోకండి, ఆ మాత్రం వెచ్చదనానికే రీడింగ్ కదిలిపోతుంది. తేడా ఉంటే లోపలి ట్రిమ్మర్‌ని (తిప్పి సర్దుకునే చిన్న రెసిస్టర్) కొద్దికొద్దిగా తిప్పండి, అది లేకపోతే 8.2 కే (కిలోఓమ్) రెసిస్టర్ తీయించి ఆ చోట 20 కే ట్రిమ్మర్ వేయించుకోండి. ఈ పని ఏసీలో కాదు, మీరు వాయించే వేడిలోనే చేయాలి, చివరి మాట మీ చెవిదే.

మిగతా పెడల్స్‌తో కలిపి ఒకే అడాప్టర్‌కి తగిలించగానే అన్నీ ఆగిపోతున్నాయా? పీఎన్‌పీ పాత పద్ధతిలో పాజిటివ్ గ్రౌండ్ ఉంటుంది, అంటే మిగతా పెడల్స్‌కి భిన్నంగా ప్లస్ వైపు గ్రౌండ్‌కి కలిసి ఉంటుంది కాబట్టి సప్లై షార్ట్ అవుతోంది. బ్యాటరీ వాడండి, లేదా దానికి విడిగా ఐసోలేటెడ్ అవుట్‌పుట్ (మిగతావాటితో గ్రౌండ్ కలవని సప్లై) ఇవ్వండి.

సౌండ్ సన్నగా గీరుకుంటూ వస్తూ, గిటార్ వాల్యూమ్ తగ్గించినా తేటపడకపోతే ముందున్న ట్యూనర్‌లోనో వావా పెడల్‌లోనో బఫర్ (సిగ్నల్‌ని బలపరిచి ముందుకు పంపే సర్క్యూట్) ఉందేమో చూడండి. ఫజ్ ఫేస్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (వచ్చే సిగ్నల్‌కి అది చూపే నిరోధం) బాగా తక్కువ, అది గిటార్ పికప్‌తో నేరుగా ముడిపడితేనే ఆ తేటదనం వస్తుంది, అందుకని గిటార్ తర్వాత మొదటి పెడల్ అదే కావాలి.

గరగర వస్తే మన ఉప్పుగాలికి జాకులు, నాబ్‌ల కింది పాట్లు (పొటెన్షియోమీటర్లు) చిలుము పట్టాయేమో, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి చూడండి.

ఇన్ని చేసినా ఎండాకాలమంతా ఆరుబయటే వాయించేవాళ్లు బీసీ108 లాంటి సిలికాన్ ట్రాన్సిస్టర్లున్న రకం ఇంకోటి ఉంచుకోవడం మేలు. సౌండ్ కాస్త పదునుగా ఉంటుంది గానీ వేడికి అంతగా చలించదు. జర్మేనియం పెడల్‌ని మాత్రం అమ్మేయకండి, డిసెంబర్ చల్లదనంలో దాని తీయదనం సిలికాన్‌కి రాదు.