ఊరూ పేరూ తెలియని కన్వర్టరును డబ్బాలో పెట్టి నడపడం

విజయవాడలో మాది డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, అప్పుడప్పుడూ ఒక కవితా సంపుటి. పాత మ్యాటరంతా అను ఫాంట్లలో ఉంటుంది, ఆ ఫాంటు లేని చోట అది తెలుగులా కనిపించదు. ఇప్పుడు వచ్చేవాళ్లేమో ఫోన్లోనూ కంప్యూటర్లోనూ చదవగలిగే యూనికోడ్ కావాలంటారు. అందుకని మా వృత్తిలో చాలామంది దగ్గర అను మ్యాటరును యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాము, అంటే ఒక కన్వర్టరు ఉంటుంది. దాన్ని ఎవరు రాశారో తెలియదు, పెన్‌డ్రైవుల్లో చేతులు మారుతూ వస్తుంది.

రెండేళ్ల కిందట మాఘమాసంలో అలాంటిదొకటి తిన్నగా మా కంప్యూటర్లోనే నడిపాను. సాయంత్రానికి ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. పేర్ల చివర ఏవో కొత్త అక్షరాలు, డెస్క్‌టాప్ మీద డబ్బు కట్టమని ఇంగ్లీషులో ఒక చీటీ. బ్యాకప్ పేరుతో ఎప్పుడూ తగిలించి ఉంచే హార్డ్‌డిస్కు కూడా పోయింది. ప్రూఫు కాగితాలు ముందేసుకుని పదకొండు పత్రికలు మళ్లీ టైపు చేశాం, మేనమామల పేర్ల వరసతో సహా.

ఆ తర్వాత నేర్చుకున్నదే ఈ పద్ధతి. విండోస్ శాండ్‌బాక్స్ అంటే మన విండోస్‌లోనే ఒక కిటికీలో తెరుచుకునే మరో కొత్త విండోస్. కిటికీ మూసేస్తే లోపల జరిగిందంతా చెరిగిపోతుంది. మా షాపులో దాన్ని డబ్బా అంటాం. 2019లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1903 నుంచి ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ఉంది. హోమ్‌లో లేదు. హోమ్ వాడేవాళ్లకు, కంప్యూటర్లోనే మరో కంప్యూటరును నడిపే వర్చువల్‌బాక్స్ ఉచితంగా దొరుకుతుంది. అందులో నెట్‌వర్క్ అడాప్టర్ టిక్కు తీసేసి, పని మొదలుపెట్టే ముందు ఒక స్నాప్‌షాట్ (అప్పటి స్థితిని దాచిపెట్టేది) తీసుకుని, పని అయ్యాక దానికే వెనక్కి వెళ్లండి.

శాండ్‌బాక్సుకు 4 జీబీ ర్యామ్ చాలంటారు గాని 8 ఉంటేనే సుఖం. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ నొక్కండి. వర్చువలైజేషన్ ఎదుట ఎనేబుల్డ్ అని ఉండాలి, లేకపోతే కంప్యూటరు మొదలయ్యేటప్పుడు తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆన్ చేయాలి. తర్వాత విండోస్ ఫీచర్ల జాబితాలో శాండ్‌బాక్స్ పక్కన టిక్కు పెట్టి రీస్టార్ట్ చేయడమే.

చాలామంది ఇక్కడితో ధైర్యంగా పని మొదలుపెట్టేస్తారు. నా గొడవంతా ఇక్కడే. మామూలుగా తెరిస్తే ఆ డబ్బాకు ఇంటర్నెట్ ఉంటుంది. అంతేకాదు, షాపులోని మిగతా కంప్యూటర్ల దాకా దారి ఉంటుంది. 2017 మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై వైరస్ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లను కూడా పట్టుకుంది. అది ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి నెట్‌వర్క్ మీదుగానే పాకింది. రెండో కన్నం క్లిప్‌బోర్డు: బయట మీరు కాపీ చేసిన బ్యాంకు పాస్‌వర్డు లోపలికీ కనిపిస్తుంది.

లోపలికి వెళ్లి నెట్ ఆపేస్తే సరిపోదా అని మా అబ్బాయి అడిగాడు. సరిపోదు. డబ్బాలో నడిచే ప్రోగ్రాముకు అడ్మినిస్ట్రేటర్ హక్కులు దొరుకుతాయి, మీరు ఆపినదాన్ని అదే మళ్లీ ఆన్ చేసుకోగలదు. తలుపు బయటి నుంచి గడియ పెట్టాలి. అందుకు డబ్ల్యూఎస్‌బీ అనే చిన్న కాన్ఫిగరేషన్ ఫైలు ఉంది. నమూనా మైక్రోసాఫ్ట్ సహాయ పేజీల్లో దొరుకుతుంది, నోట్‌ప్యాడ్‌లోనే మార్చుకోవచ్చు. నెట్‌వర్కింగ్ డిజేబుల్, క్లిప్‌బోర్డ్ రీడైరెక్షన్ డిజేబుల్ అని పెట్టండి. ఇకమీదట స్టార్ట్ మెనూలోంచి కాకుండా ఆ ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి తెరవండి.

నెట్ లేదు, కాపీ పేస్టు లేదు, మరి మ్యాటరు ఎలా వెళ్తుంది? డీ డ్రైవులో రెండు ఫోల్డర్లు చేశాను, ఒకటి 'లోపలికి', రెండోది 'బయటకు'. రెండిటినీ డబ్బాలో కనిపించేలా అదే కాన్ఫిగరేషన్ ఫైలులో మ్యాప్ చేశాను, మొదటిదానికి మాత్రం రీడ్ ఓన్లీ, అంటే లోపలినుంచి చదవడమే తప్ప మార్చడం కుదరదు. ఈ ఫోల్డర్లు ముందే ఉండాలి, లేకపోతే శాండ్‌బాక్స్ మొరాయిస్తుంది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లోని మ్యాటరును టెక్స్టుగా ఎక్స్‌పోర్ట్ చేసి, కన్వర్టరుతో పాటు 'లోపలికి'లో వేస్తాను. డబ్బా తెరిస్తే రెండు ఫోల్డర్లూ డెస్క్‌టాప్ మీదే కనిపిస్తాయి. అక్కడ అను ఫాంట్ ఉండదు కాబట్టి మ్యాటరు ఇంగ్లీషు అక్షరాల గందరగోళంలా ఉంటుంది. కంగారు పడకండి, కన్వర్టరు చూసేది అక్షరాల వెనక ఉన్న అంకెలనే. ఫలితాన్ని 'బయటకు'లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉందో లేదో చూడండి, ఆన్సీ ఉంటే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది.

'బయటకు' నుంచి టెక్స్టు ఫైలు తప్ప మరేదీ తెరవను. అందుకే విండోస్‌లో ఫైలు ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకున్నాను. పత్రిక డాట్ టీఎక్స్‌టీ అని కనబడేదాని తోక డాట్ ఈఎక్స్ఈ అయి ఉండవచ్చు.

కన్వర్టరును ముందుగా, ఫైలును అనేక యాంటీవైరస్‌లతో చూసి చెప్పే వైరస్‌టోటల్ వెబ్‌సైటులో పరీక్షించడం మంచిదే. కస్టమర్ల ఫైళ్లను మాత్రం అక్కడ ఎక్కించకండి, ఎక్కించినవి ఇతరులకూ అందుతాయి.

డబ్బాలో బుద్ధిగా ఉంది కదా, ఇక బయట ఇన్‌స్టాల్ చేద్దామని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తాను శాండ్‌బాక్సులో ఉన్నానని కనిపెట్టి నోరు మూసుకుని కూర్చునే వైరస్‌లున్నాయి. కనిపెట్టడం పెద్ద కష్టమేమీ కాదు, ప్రతి శాండ్‌బాక్సులోనూ యూజరు పేరు ఒకటే. అందుకే ఆ కన్వర్టరు రెండేళ్లుగా లోపలే పనిచేస్తోంది, బయట దానికి చోటు లేదు. విండోస్ అప్‌డేట్లు కూడా వాయిదా వేయను, డబ్బా గోడకు పగుళ్లు పడితే పూడ్చేవి అవే.

మూసే ముందు 'బయటకు'లో ఫైలు ఉందో లేదో ఒకసారి చూసుకోండి. మూయమంటారా అని అది అడుగుతుంది, సరే అంటే అంతే సంగతులు. మా అబ్బాయి ఒకసారి చూడకుండా సరే అనేశాడు. మాస్టారి శతకం అరవై పేజీలూ మళ్లీ మొదటి పద్యం నుంచి మార్చాడు.