ప్రతినిధి ఉన్నా మాట చెల్లకపోతే: విశ్వవిద్యాలయ పాలనలో అధ్యాపకుల ప్రాతినిధ్యం, సమస్యలు - పరిష్కారాలు

ముందు ఒక పరీక్ష చేయండి. గత రెండేళ్ల పాలకమండలి మినిట్స్, అంటే సమావేశాల రికార్డు, తెప్పించుకుని, ముఖ్యమైన ప్రతి నిర్ణయం పక్కన మూడు తేదీలు వేయండి. ఆ ప్రతిపాదన మొదటిసారి ఏదో ఒక ఫైల్లోకి ఎక్కిన రోజు, అధ్యాపక ప్రతినిధికి ఎజెండా అందిన రోజు, ఓటు జరిగిన రోజు. మొదటి రెండు తేదీల మధ్య నెలలు, చివరి రెండింటి మధ్య గంటలు ఉంటే ప్రతినిధిని మార్చి లాభం లేదు. ఫైలు నడిచే దారి మారాలి.

లక్షణం: ప్రతినిధి వెళ్లేసరికే అంతా తేలిపోయి ఉంటుంది

అసలు చర్చ ఫైనాన్స్ కమిటీలోనో ప్రణాళికా కమిటీలోనో ముగుస్తుంది. అక్కడ అధ్యాపకులకు చోటుండదు. పాలకమండలికి వచ్చేది ఆమోదముద్ర కోసమే. దీనికి తోడు టేబుల్ ఎజెండా ఒకటి, అంటే సమావేశం మొదలయ్యాక చేతిలో పెట్టే కాగితాలు. ఒక కోర్సు మూసేయాలన్న ప్రతిపాదనలోని విద్యార్థుల సంఖ్య ఏ సంవత్సరానిదో కనుక్కునేలోపే ఓటింగ్ అయిపోతుంది.

పాలకమండలిలో ఇంకో సీటు కోసం పోరాడేకంటే ఈ ఉపసంఘాల్లో ఒక్కో సీటు సాధించడం మేలని మా అభిప్రాయం. నియమావళిలోనూ మూడు సంగతులు చేర్పించండి. కాగితాలు కనీసం 14 రోజుల ముందు అందాలి. కోర్సులు, ప్రవేశాలు, నియామక అర్హతలకు సంబంధించిన అంశాన్ని ఒక సమావేశంలో ప్రవేశపెట్టి, తర్వాతి సమావేశంలోనే ఓటుకు పెట్టాలి. అత్యవసర అధికారంతో తీసుకున్న నిర్ణయం తర్వాతి సమావేశంలో ఆమోదం పొందకపోతే దానంతటదే రద్దు కావాలి. ఈ మూడోది లేకపోతే మొదటి రెండూ కాగితానికే పరిమితం, ఎందుకంటే అప్పుడు ప్రతిదీ అత్యవసరమే అవుతుంది.

మీ వైపు కూడా ఒక పని ఉంది. బడ్జెట్ ముసాయిదా ఏ నెలలో తయారవుతుందో విద్యాసంవత్సరం మొదట్లోనే కనుక్కుని, సెనేట్ (అధ్యాపకుల సభ) సమావేశాన్ని దానికి నాలుగు వారాల ముందు పెట్టుకోవాలి. బడ్జెట్ పాసయ్యాక అభిప్రాయం పంపి, వినలేదని అనడం కుదరదు.

లక్షణం: తీర్మానాలు పంపుతున్నా జవాబు రాదు

ఒక పాత తీర్మానం తీసి చివరి వాక్యం చదవండి. “తీవ్ర ఆందోళన వ్యక్తం చేస్తూ, తగు చర్యలు తీసుకోవలసిందిగా కోరడమైనది” అని ఉంటే జవాబివ్వాల్సిన బాధ్యత ఎవరి మీదా పడదు. ఎవరు, ఏం చేయాలి, ఎప్పటిలోగా అన్నవి అందులో ఉండాలి. ఉదాహరణకు: “ఈ కోర్సులో ప్రవేశాలు నిలిపివేయరాదని సెనేట్ సిఫార్సు చేస్తున్నది. సిఫార్సును తిరస్కరించే పక్షంలో రిజిస్ట్రార్ 30 రోజుల్లోగా కారణాలను లిఖితపూర్వకంగా తెలియజేయాలి.”

కారణాలు చెప్పమని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. అమెరికాలో 1966లో ప్రొఫెసర్ల సంఘం, విద్యాసంస్థల మండలి, పాలకమండళ్ల సంఘం కలిసి రూపొందించిన ప్రకటన ప్రకారం పాఠ్యాంశాలు, బోధన, పరిశోధన, అధ్యాపకుల హోదా విషయాల్లో ప్రధాన బాధ్యత అధ్యాపకులదే. వారి మాటను పాలకమండలి కాదనాలంటే పరిస్థితి అసాధారణమైనదై ఉండాలి, కారణం కూడా చెప్పాలి. యునెస్కో 1997 సిఫార్సు 31వ పేరా ఇంకో అడుగు వేసి, సంస్థలోని విద్యావిషయక మండళ్లలో ఎక్కువమంది ప్రతినిధులను ఎన్నుకునే హక్కు అధ్యాపకులకు ఉండాలంటుంది. ఈ రెండింటికీ చట్టబలం లేదు. అయినా నియమావళి సవరణ ముసాయిదాకు జతచేస్తే వాదన బలపడుతుంది.

చట్టబలం ఉన్న ఉదాహరణ పశ్చిమ జర్మనీది. బోధన విషయాల్లో ప్రొఫెసర్ల వర్గానికి సగం ఓట్లు ఉండాలని, పరిశోధన, నియామకాల్లో వారి మాటే నిర్ణాయకం కావాలని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 1973లో తీర్పు చెప్పింది. ఆ రక్షణ ప్రొఫెసర్లకే, కింది స్థాయి బోధకులకు కాదు. తర్వాతి సమస్య అక్కడే మొదలవుతుంది.

లక్షణం: ఆయన ఎవరి ప్రతినిధి అని అధ్యాపకులే అడుగుతారు

యాజమాన్యం నామినేట్ చేసిన వ్యక్తి అయితే కారణం వెతకనక్కర్లేదు. ఎన్నికైనవారి మీదా అదే అనుమానం ఉంటే ఓటర్ల జాబితా చూడండి. 400 మంది బోధిస్తున్న చోట 160 మంది పర్మనెంట్ వారికే ఓటుందనుకుందాం. సగం మంది ఓటేస్తే 80. 41 ఓట్లతో గెలిచినవారు 400 మంది తరఫున మాట్లాడాలి. ఈ లెక్క మీకంటే ముందు యాజమాన్యమే చెబుతుంది.

ఓటు హక్కును హోదాతో కాక బోధనతో ముడిపెట్టండి. వరుసగా రెండు సెమిస్టర్లు పాఠం చెప్పిన ప్రతి ఒక్కరికీ ఓటు అనేది సులువైన ప్రమాణం. కాంట్రాక్టు వారికి విడిగా సీటు ఇస్తే సరిపోదు. కమిటీలో చెప్పిన మాట రెన్యువల్‌కు అడ్డు కారాదని రాతలో ఉండాలి, సమావేశ గంటలను పనిభారంలో లెక్కించాలి. లేకపోతే ఆ సీటు ఖాళీగానే ఉంటుంది, లేదా అందులో కూర్చున్నవారు నోరు విప్పరు. డీన్ వంటి పరిపాలనా పదవిలో ఉన్నవారు పోటీ చేయకూడదన్న నియమం, రహస్య బ్యాలెట్ ఎలాగూ ఉండాలి.

కోరమ్ (సమావేశానికి కావలసిన కనీస హాజరు) లేక సెనేట్ వాయిదాల మీద వాయిదాలు పడుతుంటే, క్లాసులు లేని ఒక మధ్యాహ్నాన్ని టైమ్‌టేబుల్‌లోనే కేటాయించమనండి. సగం సమస్య దాంతో పోతుంది.

లక్షణం: “అది గోప్యం, చెప్పకూడదు”

వ్యక్తుల మీద విచారణ, కోర్టు కేసు, ఇంకా బేరం తేలని ఒప్పందం గోప్యంగా ఉండటం న్యాయమే. ఫీజుల పెంపు, కోర్సుల విలీనం ఆ కోవలోకి రావు. గోప్యమని ముద్ర వేసిన ప్రతి కాగితం మీద కారణం, ఆ గోప్యత ముగిసే తేదీ రాయించండి. మిగతావాటి మీద ప్రతినిధి వారంలోగా ఒక పేజీ నివేదిక పంపాలి: అంశం, తానెటు ఓటేసిందీ, ఎందుకన్నదీ.

లక్షణం: వ్యతిరేకించినా మినిట్స్‌లో “ఏకగ్రీవంగా ఆమోదించడమైనది” అని వస్తుంది

నోటితో అభ్యంతరం చెప్పి ఊరుకోవడమే కారణం. తర్వాతి అంశానికి వెళ్లకముందే “నా అసమ్మతిని నమోదు చేయండి” అని అడిగి, రెండు మూడు వాక్యాల్లో కారణం రాసి, సంతకం చేసి కార్యదర్శి చేతికివ్వండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. ముసాయిదా మినిట్స్ రాగానే ఆ వాక్యాలు ఉన్నాయో లేదో చూసి, లేకపోతే ఈమెయిల్‌లో సవరణ కోరండి. తర్వాతి సమావేశంలో మినిట్స్ ధ్రువీకరణే మొదటి అంశంగా వస్తుంది కనుక ఆలస్యంగా వెళ్లకండి. ధ్రువీకరణ అయిపోయిన మినిట్స్‌ను మార్పించడం చాలా కష్టం.