సర్వీస్ వర్కర్ రిజిస్టర్ కావట్లేదా? అలిపిరి దాటకముందే సరిచూసుకోండి

అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి కొండకు నడిచిపోయేవాళ్ల కోసం ఒక చిన్న వెబ్ యాప్ కడుతున్నారనుకుందాం. నీళ్ల కొళాయిలు ఎక్కడున్నాయి, మరుగుదొడ్లు ఎక్కడ, గాలిగోపురం దాటాక ఇంకెంత దూరం... ఈ పేజీలు సిగ్నల్ లేకపోయినా తెరుచుకోవాలి. అందుకే సర్వీస్ వర్కర్: పేజీకీ నెట్‌వర్క్‌కీ మధ్య నిలబడి, ముందే దాచుకున్న కాపీలు ఇచ్చే స్క్రిప్ట్. రాయాల్సింది ఒక్క లైనే: నావిగేటర్.సర్వీస్‌వర్కర్.రిజిస్టర్('/ఎస్‌డబ్ల్యూ.జెఎస్'). అది మొరాయిస్తే మాత్రం కోడ్ మీద పడకండి, ముందు ఎక్కడ ఆగిందో తేల్చుకోండి. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, అప్లికేషన్ ట్యాబ్‌లో సర్వీస్ వర్కర్స్ చూడండి. అక్కడ ఏమీ లేకపోతే రిజిస్ట్రేషనే జరగలేదు. 'రిడండెంట్' అనుంటే ఇన్‌స్టాల్‌లో పోయింది. రిజిస్టర్ తర్వాత ఖాళీ క్యాచ్ (ఎర్రర్‌ను పట్టుకునే భాగం) రాసి ఉంటే దాన్ని తీసేసి ఎర్రర్‌ను కన్సోల్‌లోకి రానివ్వండి. సగం జబ్బు అక్కడే బయటపడుతుంది.

ల్యాప్‌టాప్‌లో పనిచేస్తుంది, ఫోన్‌లో చడీచప్పుడు లేదు

ఒకే వైఫై మీద ఫోన్‌లో హెచ్‌టీటీపీ://192.168.1.7:5173 అని తెరిచి ఉంటారు. సర్వీస్ వర్కర్ హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తుంది. లోకల్‌హోస్ట్, 127.0.0.1 లాంటి సొంత యంత్రం అడ్రసులకే మినహాయింపు. మిగతాచోట్ల నావిగేటర్‌లో సర్వీస్‌వర్కర్ అనే ప్రాపర్టీయే ఉండదు. అందరూ ముందు జాగ్రత్తగా రాసే 'ఇఫ్' షరతు దాన్ని చూసి మౌనంగా పక్కకు తప్పుకుంటుంది కాబట్టి ఎర్రర్ కూడా కనబడదు. కన్సోల్‌లో విండో.ఈజ్‌సెక్యూర్‌కాంటెక్స్ట్ అని కొట్టండి. 'ఫాల్స్' వస్తే కారణం ఇదే.

పరిష్కారం: ఆండ్రాయిడ్ ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్ పెట్టి, ల్యాప్‌టాప్‌లో, ఆండ్రాయిడ్ డీబగ్ టూల్ ఏడీబీతో, ఏడీబీ రివర్స్ టీసీపీ:5173 టీసీపీ:5173 అని ఇవ్వండి. ఇక ఫోన్‌లో లోకల్‌హోస్ట్:5173 అని తెరిస్తే చాలు. సొంతంగా తయారు చేసుకున్న సర్టిఫికెట్‌తో కుస్తీ పట్టడం దండగ. హెచ్చరిక పేజీలో 'ముందుకు వెళ్లు' నొక్కితే సైట్ తెరుచుకుంటుంది గానీ, వర్కర్ స్క్రిప్ట్ దగ్గర సర్టిఫికెట్ ఎర్రర్ అంటూ క్రోమ్ మళ్లీ అడ్డుపడుతుంది.

'అన్‌సపోర్టెడ్ మైమ్ టైప్ టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్'

ఈ ఎర్రర్ చూసి సర్వర్‌లో మైమ్ (ఫైల్ ఏ రకమో సర్వర్ చెప్పే గుర్తు) సెట్టింగులు వెతికేవాళ్లే ఎక్కువ. చాలాసార్లు అసలు ఫైలే అక్కడ ఉండదు. అడ్రస్ బార్‌లో నేరుగా /ఎస్‌డబ్ల్యూ.జెఎస్ కొట్టి చూడండి. మీ హోమ్ పేజీ ప్రత్యక్షమైతే, లేని ఫైలు అడిగినా ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ ఇచ్చేలా సర్వర్‌ను పెట్టారన్నమాట. వీట్ అనే బిల్డ్ టూల్‌తో కడుతుంటే ఫైల్‌ను 'పబ్లిక్' ఫోల్డర్‌లో ఉంచండి, బిల్డ్ తర్వాత 'డిస్ట్' ఫోల్డర్‌లో నేరుగా, ఏ ఉపఫోల్డర్‌లోనూ కాకుండా కనిపించాలి.

లాగిన్ పేజీ వచ్చిందంటే అది వేరే కథ: 'బిహైండ్ ఎ రీడైరెక్ట్' అనే ఎర్రర్ పడుతుంది. వర్కర్ స్క్రిప్ట్‌కు దారి మళ్లింపు పనికిరాదు. ఆ ఒక్క ఫైల్‌ను లాగిన్ తనిఖీ నుంచి మినహాయించండి.

రిజిస్టర్ అయింది, కానీ పేజీలను పట్టించుకోదు

ఫైల్ /అసెట్స్/జెఎస్/ లోపల ఉందా? వర్కర్ అధికారం తానున్న ఫోల్డర్ వరకే. స్కోప్ (వర్కర్ పట్టించుకునే పరిధి) '/' అని అడిగితే ఎర్రర్ వస్తుంది, అదే మేలు. ఏమీ అడక్కపోతే చక్కగా రిజిస్టరై, ఆ ఫోల్డర్‌కే కాపలా కాస్తూ కూర్చుంటుంది. ఫైల్‌ను రూట్‌లోకి తెచ్చేయండి. కుదరకపోతే ఆ స్క్రిప్ట్‌తోపాటు 'సర్వీస్-వర్కర్-అలౌడ్: /' అనే హెడర్ పంపండి. చివరి గీత కూడా లెక్కే: స్కోప్ '/నడక/' అయితే '/నడక' అనే పేజీ దాని కిందకు రాదు.

అన్నీ సరిగ్గా ఉన్నా మొదటిసారి తెరిచిన పేజీ వర్కర్ చేతిలో ఉండదు. రీలోడ్ చేయాలి, లేదా యాక్టివేట్‌లో క్లయింట్స్.క్లెయిమ్ పిలవాలి. షిఫ్ట్ పట్టుకుని రీలోడ్ చేస్తే వర్కర్‌ను పూర్తిగా దాటేస్తుంది, అలా పరీక్షించి కంగారుపడకండి.

ఇన్‌స్టాల్ మొదలై 'రిడండెంట్' అవుతోంది

ఎక్కువసార్లు దొంగ క్యాష్.యాడ్‌ఆల్, అంటే జాబితాలోని ఫైళ్లన్నీ ఒకేసారి క్యాష్‌లో (బ్రౌజర్ కాపీలు దాచుకునే చోటు) పెట్టే పిలుపు. జాబితాలో 40 ఫైళ్లుంటే, 39 వచ్చి ఒక్కటి 404 (ఫైల్ దొరకలేదు) అయినా మొత్తం ఇన్‌స్టాల్ రద్దు. మచ్చుకు ఒకటి: ఫొటో పేరులో చివర 'జేపీజీ' పెద్దక్షరాల్లో ఉంది, జాబితాలో చిన్నక్షరాల్లో రాశారు. విండోస్ ల్యాప్‌టాప్‌కు రెండూ ఒకటే, లైనక్స్ సర్వర్‌కు కాదు. అందుకే ఆఫీసులో బాగున్నది లైవ్‌లో చచ్చిపోతుంది. నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఎర్రగా ఉన్న పేరేదో చూడండి.

ఆపైన జాబితాను రెండుగా విడగొట్టండి. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, కొళాయిల వివరాలున్న జేసన్, ఇవి యాడ్‌ఆల్‌లోకి. ఫొటోలు, మ్యాపులు విడివిడిగా, ఒకటి పోయినా మిగతావి ఆగకుండా. పైగా, అలిపిరిలో ఒకసారి తెరిచి ఫోన్ జేబులో పెట్టుకునే మనిషికి, సిగ్నల్ ఉండగానే ఇన్‌స్టాల్ పూర్తవ్వాలి. మొదటి మూట ఎంత చిన్నదైతే అంత మంచిది. ఇన్‌స్టాల్‌లో ఈవెంట్.వెయిట్‌అంటిల్ మరిచిపోతే, డౌన్‌లోడ్ పూర్తికాకుండానే వర్కర్ తయారైపోయినట్టు బ్రౌజర్ అనుకుంటుంది.

కొత్త కోడ్ పెట్టినా పాతదే కనిపిస్తోంది

కొత్త వర్కర్ 'వెయిటింగ్'లో ఉంది, అంతే. పాత దాని కింద ఒక్క ట్యాబ్ తెరిచి ఉన్నా అది ఆగుతుంది, రీలోడ్ కొడితే సరిపోదు. స్కిప్‌వెయిటింగ్ పెడితే వెంటనే వస్తుంది గానీ, పాత పేజీకి కొత్త ఫైళ్లు తగిలి విరిగే ప్రమాదముంది. 'కొత్త సమాచారం వచ్చింది' అని చిన్న బటన్ చూపి, నొక్కాక మార్చడం నయం. క్రోమ్ 68 నుంచి అప్‌డేట్ చూసేటప్పుడు ప్రధాన స్క్రిప్ట్‌కు బ్రౌజర్ క్యాష్ అడ్డురాదు, కానీ మధ్యలో ఉన్న సీడీఎన్ (ఫైళ్ల కాపీలు పంచే సర్వర్లు) పాత కాపీ ఇస్తే బ్రౌజర్ చేతిలో ఏమీ ఉండదు. ఈ ఫైల్‌కు 'నో-క్యాష్' హెడర్ పెట్టండి.

సిగ్నల్ గీతలున్నాయి, పేజీ తిరుగుతూనే ఉంది

ఘాట్ రోడ్డు మలుపుల్లో చూసే సంగతే: ఫోన్‌లో రెండు గీతలు, కదలని డేటా. ముందు నెట్‌వర్క్, తప్పితే క్యాష్ అని రాసుంటే ఫెచ్ (నెట్‌వర్క్ నుంచి తెచ్చే పిలుపు) ఫెయిల్ కాదు, వేలాడుతుంది. కాబట్టి క్యాచ్ దాకా రానే రాదు. 3 సెకన్ల టైమర్‌ను ఫెచ్‌తోపాటు ప్రామిస్.రేస్‌లో (ముందు పూర్తయినదే గెలిచే పోటీ) పెట్టి, గడువు దాటితే క్యాష్ నుంచి ఇచ్చేయండి. డెవ్‌టూల్స్‌లో (ఎఫ్12 నొక్కితే వచ్చేది) 'ఆఫ్‌లైన్' టిక్ పెడితే ఈ జబ్బు బయటపడదు, అక్కడ ఫెచ్ వెంటనే ఫెయిలవుతుంది. సర్వర్‌లోనే 30 సెకన్లు ఆలస్యం పెట్టి చూడండి.

వర్కర్‌ను తీసేయాలి, పోవట్లేదు

సర్వర్ నుంచి ఫైల్ తొలగిస్తే, అప్‌డేట్ తనిఖీ 404తో ఆగిపోతుంది. పాత వర్కర్ భక్తుల ఫోన్లలో అలాగే నడుస్తుంటుంది. పేరు మార్చి 'ఎస్‌డబ్ల్యూ2' అన్నా లాభం లేదు, క్యాష్‌లో ఉన్న పాత పేజీ పాత పేరునే పిలుస్తుంది. అదే పేరుతో, అదే చోట, ఇన్‌స్టాల్‌లో స్కిప్‌వెయిటింగ్, యాక్టివేట్‌లో క్యాష్‌లన్నీ తుడిచి సెల్ఫ్.రిజిస్ట్రేషన్.అన్‌రిజిస్టర్ పిలిచే పది లైన్ల ఫైల్ పెట్టండి. ఆఖరి ఫోన్ కూడా ఒకసారి సైట్ తెరిచేదాకా దాన్ని సర్వర్‌లో ఉంచాలి.