కొటేషన్‌ను కుదించేటప్పుడు ఆ మూడు చుక్కలు

ప్రాజెక్టు రిపోర్టులో ఎవరి వాక్యాన్నైనా మధ్యలో కత్తిరిస్తే, తీసేసిన చోట మూడు చుక్కలు పెట్టాలి. మూలం ఇలా ఉందనుకోండి: "చెరువుల్లో పూడిక తీస్తే, ముఖ్యంగా ఎండాకాలంలో, నీటి కొరత తీరుతుంది అనుకోవడం పొరపాటు." దాన్ని "చెరువుల్లో పూడిక తీస్తే... నీటి కొరత తీరుతుంది అనుకోవడం పొరపాటు" అని రాయొచ్చు.

"తీరుతుంది..." దగ్గర ఆపేస్తే మాత్రం రచయిత చేత అబద్ధం చెప్పించినట్టే. తెలుగులో కాదు, లేదు, పొరపాటు లాంటి మాటలు ఎక్కువగా వాక్యం చివరే వస్తాయి. అందుకే తోక కోసే ముందు మూలాన్ని రెండుసార్లు చదవండి.

వాక్యం పూర్తయ్యాక తర్వాతి వాక్యాన్ని వదిలేస్తే, ఫుల్‌స్టాప్‌తో కలిపి నాలుగు చుక్కలు. రెండు మూడు పదాలే తీసుకుని మీ వాక్యంలో కలుపుకుంటే చుక్కలే అక్కర్లేదు. మూలంలోనే చుక్కలుంటే, మీరు పెట్టినవాటిని చదరపు బ్రాకెట్లలో [...] ఉంచండి.